స్టెరాయిడ్‌కి ముందు పురుగు పరీక్ష: లూపస్, కీళ్లవాతం ఉన్నవారు రక్తం ఎప్పుడు ఇవ్వాలి, రిపోర్ట్ ఎలా చదవాలి

లూపస్ అనో, రుమటాయిడ్ కీళ్లవాతం అనో, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) అనో తేలి, డాక్టర్ గారు "స్టెరాయిడ్ పెద్ద డోసులో మొదలుపెడదాం" అనో "రిటుక్సిమాబ్ ఎక్కిద్దాం" అనో చెప్పి ఉంటే, ఆ మందు ఒంట్లోకి వెళ్లకముందే ఒక చిన్న రక్త పరీక్ష గురించి అడగండి. దాని పేరు స్ట్రాంగిలాయిడిస్ ఐజీజీ. స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు మీద మన ఒళ్లు తయారు చేసుకున్న ఐజీజీ రకం యాంటీబాడీలు (రోగనిరోధక ప్రోటీన్లు) రక్తంలో ఉన్నాయా అని చూసే పరీక్ష ఇది. రోగనిరోధకశక్తిని తగ్గించే ఇలాంటి మందులకి ముందు టీబీ చూస్తారు, హెపటైటిస్ బీ, సీ చూస్తారు, హెచ్ఐవీ చూస్తారు, ఈ పురుగు సంగతి మాత్రం చాలాచోట్ల ఎవరూ ఎత్తరు. వాళ్లు ఎత్తకపోతే మనమే ఎత్తాలి.

నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి పదకొండేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం, ఆమె ఫైలు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేది నేను. ఆమెకి ఒక ఆసుపత్రిలో రిటుక్సిమాబ్ ఎక్కించాక, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుండగా కడుపు ఉబ్బరం, ఆగి ఆగి విరేచనాలు మొదలయ్యాయి. వేరే ఊళ్లో ఇంకో రుమటాలజిస్ట్‌కి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, మీరెప్పుడైనా పొలంలో చెప్పుల్లేకుండా పని చేశారా?" మా అమ్మ ఆశ్చర్యపోయి, "చెప్పులేసుకుని ఊడుపులు ఊడుస్తారా బాబూ?" అంది. కోనసీమలో ముప్ఫై ఏళ్లు వరిచేలో దిగిన మనిషి. యాంటీబాడీ పరీక్ష రాశారు, నెగెటివ్ వచ్చింది, నేను హమ్మయ్య అనుకున్నాను. ఆయన అనుకోలేదు. "ఈ రక్తం రిటుక్సిమాబ్ ఎక్కిన రెండు నెలలకి తీసింది, ఈ నెగెటివ్‌ని నేను నమ్మను" అని మూడు రోజులు మూడు మల శాంపిల్స్ కల్చర్‌కి పంపమన్నారు. మూడో దాంట్లో పురుగు పిల్లలు కనిపించాయి.

ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, యాంటీబాడీ రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అన్న మాట కన్నా ముందు చూడాల్సింది రక్తం తీసిన తేదీ, ఆ తేదీ నాటికి ఒంట్లో ఏ మందు ఉందో అది. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ పురుగు సంగతి

స్ట్రాంగిలాయిడిస్ స్టెర్కోరాలిస్ అన్నది రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుండే సన్నటి పేగు పురుగు. 1876లో, ఇప్పటి వియత్నాం ప్రాంతం నుంచి విరేచనాలతో తిరిగొచ్చిన ఫ్రెంచి సైనికుల్లో దీన్ని మొదట గుర్తించారు. మలంతో కలిసిన తడి మట్టిలో దీని పిల్లలు ఉంటాయి, ఉత్త కాళ్లతో తొక్కితే చర్మంలోంచి లోపలికి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకి చేరి, అక్కడినుంచి గొంతులోకి వచ్చి, మనం మింగితే చిన్నపేగులో స్థిరపడతాయి. కొంకి పురుగు దారి కూడా దాదాపు ఇదే.

తేడా ఎక్కడంటే, కొంకి పురుగు మన ఒంట్లో పిల్లల తరాలు పెంచుకోలేదు, కొన్నేళ్లకి దాని ఆయుష్షు తీరిపోతుంది. స్ట్రాంగిలాయిడిస్ అలా కాదు. దాని గుడ్లు పేగులోనే పొదిగి, ఆ పిల్లల్లో కొన్ని బయటికి పోకుండానే ముదిరి, పేగు గోడలోంచో మలద్వారం దగ్గరి చర్మంలోంచో మళ్లీ మన ఒంట్లోకే దూరి కొత్త తరంగా పెరుగుతాయి. అందుకే మట్టి ముఖం చూడకపోయినా ఇది దశాబ్దాలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా–థాయ్‌లాండ్ రైలుమార్గం పనిలో పెట్టిన యుద్ధఖైదీల్లో కొందరికి, ఇళ్లకి చేరిన 40 ఏళ్ల తర్వాత కూడా ఈ పురుగు బయటపడింది.

ఆరోగ్యంగా ఉన్నంతకాలం మన రోగనిరోధక వ్యవస్థ దీన్ని అదుపులో పెడుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. స్టెరాయిడ్ పెద్ద డోసులో పడగానే ఆ అదుపు పోతుంది. పురుగులు లెక్కకు మించి పెరిగి, ఊపిరితిత్తులు, మెదడు దాకా పాకుతాయి, పోతూ పోతూ పేగులోని బాక్టీరియాని కూడా మోసుకుపోతాయి, అది రక్తంలో ఇన్ఫెక్షన్‌గా, మెనింజైటిస్‌గా మారుతుంది. దీన్ని హైపర్‌ఇన్ఫెక్షన్ అంటారు. సకాలంలో పట్టుకోకపోతే ఎక్కువమంది బతకరు. ఈ ప్రమాదాన్ని ముందే ఆపడానికి మామూలుగా సరిపోయేది ఒకటి రెండు రోజుల మాత్రలు! అందుకే నేను దీని గురించి ఇంతగా చెబుతున్నాను.

మొదటి పని: మీ పాదాల చరిత్ర చెప్పండి

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. పల్లెలో పెరిగారా, పొలంలో, చెరువు గట్టున, తోటల్లో చెప్పుల్లేకుండా తిరిగారా, ఇంట్లో మరుగుదొడ్డి ఎప్పుడు కట్టారు, అంతకుముందు బయటికే వెళ్లేవారా. ఇటుక బట్టీల్లో, మురుగు కాలువల పనిలో చేశారా. పిరుదుల మీద, తొడల మీద, నడుము దగ్గర ఎర్రటి గీతలాంటి దురద వచ్చి, గంటల్లోనే అంగుళాలకి అంగుళాలు జరిగి, తర్వాత మాయమైపోవడం ఎప్పుడైనా ఉందా. ఈ పాకే దురద గీత దాదాపు ఈ పురుగు సంతకం లాంటిది, దీన్ని మామూలు దద్దుర్లు అనుకుని వదిలేస్తారు. పాత సీబీపీ రిపోర్టులన్నీ తీసి ఇసినోఫిల్స్ (పురుగులుంటే పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎంత ఉన్నాయో చూడండి. శాతం కాదు, మొత్తం సంఖ్య. మైక్రోలీటర్‌కి 500 దాటి పదేపదే కనిపిస్తే అది కారణం వెతకాల్సిన విషయం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. స్టెరాయిడ్ వేసుకుంటున్నవాళ్లలో ఇసినోఫిల్స్ పడిపోతాయి. కాబట్టి "ఇసినోఫిల్స్ నార్మల్‌గానే ఉన్నాయిగా, పురుగు లేదు" అన్న మాట స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి చెల్లదు. మందు మొదలవకముందు తీసిన పాత రిపోర్టు అందుకే అంత విలువైనది, పారేయకండి.

ఇంకొకటి, మీరు ఇప్పటికే స్టెరాయిడ్ మీద ఉన్నారేమో చూసుకోండి. మాత్ర పేరు వైసొలోన్, ఓమ్నాకార్టిల్, మెడ్రోల్, డెక్సా, బెట్నెసాల్ లాంటిది అయితే అది స్టెరాయిడే. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఇచ్చిన పేరులేని పొడి, పొట్లం, "ఒక్క సూదితో నొప్పి ఎగిరిపోయింది" అన్న ఇంజెక్షన్, వీటిలోనూ స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి. ఆ విషయం దాస్తే రిపోర్ట్ చదివేవాళ్లు తప్పుదారి పడతారు.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో ఉంటున్న మనవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అక్కడి డాక్టర్ మిమ్మల్ని చూసి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అనుకుంటారు గానీ, పదో తరగతి దాకా మీరు కృష్ణా జిల్లా పల్లెలో ఉత్త కాళ్లతో తిరిగారని ఆయనకి ఎలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ల క్రితం ఊరు వదిలినా సరే, ఆ మాట మీ నోటితో చెప్పాలి. అమ్మానాన్నల్ని ఆరు నెలలకి తీసుకెళ్లి, అక్కడ ఆయాసానికో కీళ్లకో స్టెరాయిడ్ మొదలైతే వాళ్ల తరఫున కూడా మీరే చెప్పాలి.

రెండో పని: తేదీ

రక్తం మందుకి ముందు ఇవ్వాలి. అంతే.

అయితే ప్రతిసారీ అది కుదరదు. లూపస్ కిడ్నీకి పాకింది, మెదడుకి పాకింది, ఇవ్వాళే స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించాలి అంటే, పరీక్ష కోసం మందు ఆపమని పట్టుబట్టకండి, ప్రాణం పోతుంది. అప్పుడు అడగాల్సింది ఇది: "మందు ఎక్కించేలోపు ఒక ట్యూబు రక్తం తీసి సీరమ్ పక్కన పెట్టిస్తారా, పరీక్షకి తర్వాత పంపుదాం." రక్తం తీయడానికి పట్టేది ఐదు నిమిషాలు. అలాంటి అత్యవసరాల్లో, పాదాల చరిత్ర గట్టిగా ఉంటే, రిపోర్ట్ కోసం ఆగకుండానే డాక్టర్లు ఈ పురుగుని చంపే మందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చేయడమూ ఉంది. 2020లో కోవిడ్‌కి డెక్సామెథసోన్ వాడడం మొదలైనప్పుడు ఈ పురుగు ఉండే ప్రాంతాలవాళ్లకి ఇలా చేయమని వైద్యులు సూచించారు కూడా.

ఎంత స్టెరాయిడ్ అయితే భయపడాలి అని చాలామంది అడుగుతారు. ప్రెడ్నిసొలోన్ రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు వారాలకి పైన అంటే కచ్చితంగా ఆలోచించాలి. కానీ అంతకన్నా చిన్న కోర్సుల్లో కూడా హైపర్‌ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులు ఉన్నాయి, అందుకే అంకె మీద భరోసా పెట్టుకోవద్దు.

మూడో పని: ల్యాబ్‌లో ఏం అడగాలి

"పురుగుల పరీక్ష" అని అడిగితే మామూలు మల పరీక్ష చేసి పంపేస్తారు. డాక్టర్ చీటీ మీద "స్ట్రాంగిలాయిడిస్ ఐజీజీ, ఎలైసా" అని స్పష్టంగా రాయించుకోండి (ఎలైసా అంటే రక్తంలో యాంటీబాడీని కొలిచే పద్ధతి). ఇది ప్రతి ల్యాబ్‌లో ఉండదు, శాంపిల్ వేరే ఊరికి పంపుతారు, రిపోర్ట్ రావడానికి రోజులు పట్టొచ్చు, కాబట్టి ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి. పరగడుపున ఉండాల్సిన పని లేదు. దీంతోపాటే సీబీపీ, రక్తంలో మొత్తం ఐజీజీ స్థాయి ఎంతో కూడా చేయించండి. ఈ రెండోదాన్ని ఎందుకు అడుగుతున్నానో కింద చెబుతాను.

ఆడవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకొకటి. లూపస్‌లో జుట్టు ఊడుతుంది, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. కొన్ని ల్యాబ్ యంత్రాలు పనిచేసే పద్ధతిలోనే బయోటిన్ ఉంటుంది, మన రక్తంలో అది ఎక్కువైతే ఫలితం అటో ఇటో తప్పిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిమీద 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. అన్ని పరీక్షలకీ ఈ ఇబ్బంది ఉండదు, కానీ శాంపిల్ ఇచ్చేటప్పుడు బయోటిన్ వేసుకుంటున్నానని ల్యాబ్‌లో చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో వాళ్లనే అడగండి. మల్టీవిటమిన్ డబ్బా వెనక కూడా చదవండి, అందులోనూ ఉంటుంది.

ఆ చీటీ మీదనో, ఫైల్లోనో, మీ చేత్తో ఇది రాసిపెట్టండి: రక్తం తీసిన తేదీ, ఆ రోజుకి స్టెరాయిడ్ ఎంత, ఎన్నాళ్ల నుంచి, రిటుక్సిమాబ్ చివరిసారి ఎప్పుడు, ఐవీఐజీ (దాతల యాంటీబాడీల సెలైన్) ఎక్కిందా, ప్లాస్మా మార్పిడి జరిగిందా. ఈ ముక్కలు లేకుండా రిపోర్ట్ సగం రిపోర్టే.

మల పరీక్ష కూడా ఎందుకు, ఎలా

యాంటీబాడీ పరీక్ష ఉంటే ఇది దేనికి అనుకోకండి. ఒక్క శాంపిల్‌ని మామూలుగా మైక్రోస్కోప్ కింద చూస్తే ఈ పురుగు సగానికి పైగా సార్లు దొరకదు, ఎందుకంటే పిల్లలు కొద్దిగా, అదీ ఒకరోజు ఉండి ఒకరోజు లేకుండా బయటికి వస్తాయి. అందుకే మూడు రోజులు మూడు శాంపిల్స్, వీలైతే అగార్ ప్లేట్ కల్చర్ లేదా బేర్‌మన్ పద్ధతి (రెండూ బతికున్న పురుగు పిల్లల కదలికతో వాటిని పట్టే పద్ధతులు). ఇవి వీధి చివర ల్యాబ్‌లో చేయరు, మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంలో అడగాలి. చిత్తూరు వైపు వాళ్లు ఎలాగూ వెల్లూరు సీఎంసీకి వెళ్తుంటారు, అక్కడ ఈ పురుగు మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టకండి. కల్చర్‌కి పురుగు పిల్లలు కదలాలి, చలికి అవి చచ్చుబడిపోతాయి. అలాగని సాయంత్రం దాకా సంచిలో ఉంచుకుని తిరగకండి, ఆలస్యమైతే కొంకి పురుగు గుడ్లు పొదిగి, వాటి పిల్లలు అచ్చం వీటిలాగే కనిపించి ల్యాబ్ వాళ్లని తికమక పెడతాయి. పొద్దున్నే పట్టి, మూత బిగించి, గంట రెండు గంటల్లో అందించండి. మూత్రం కలవకూడదు.

అసలు పని: రిపోర్ట్ చదవడం

రిపోర్టులో ఒక అంకె, దాని పక్కన కటాఫ్ (దాటితే పాజిటివ్ అనే హద్దు) ఉంటాయి. కిట్‌ని బట్టి కటాఫ్ మారుతుంది కాబట్టి పక్కింటావిడ అంకెతో మీ అంకెని పోల్చకండి. కటాఫ్‌కి ఆ పక్కా ఈ పక్కా కొంత భాగం "తేల్చలేం" అని వస్తుంది, అలా వస్తే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేయించమంటారు, ఈలోపు మందు మొదలవాల్సి ఉంటే అది నెగెటివ్ అని అనుకోకండి.

ఇక నెగెటివ్. మందు పడకముందు తీసిన రక్తంలో నెగెటివ్ వచ్చి, మొత్తం ఐజీజీ నార్మల్‌గా ఉండి, పాత సీబీపీల్లో ఇసినోఫిల్స్ పెరగకపోతే, ఆ నెగెటివ్‌ని చాలావరకు నమ్మొచ్చు. అదే స్టెరాయిడ్ నెలల తరబడి వాడాక, రిటుక్సిమాబ్ ఎక్కాక తీసిన రక్తమైతే కథ వేరు. యాంటీబాడీలు తయారు చేసే కణాల వంశాన్ని రిటుక్సిమాబ్ తుడిచిపెడుతుంది, పాత యాంటీబాడీలు కొన్నాళ్లు మిగిలినా కొందరిలో మొత్తం ఐజీజీనే పడిపోతుంది. ఒంట్లో ఐజీజీయే తక్కువైనప్పుడు పురుగు మీద ఐజీజీ లేదని చూపించే రిపోర్టుకి విలువ ఎంత? మొత్తం ఐజీజీ చేయించమన్నది ఇందుకే. ప్లాస్మా మార్పిడి చేయించుకున్నవాళ్లకీ ఇదే ఇబ్బంది, యాంటీబాడీలు ప్లాస్మాతో పాటు బయటికి పోతాయి.

పాజిటివ్ వచ్చినా అంత తేలిక కాదు. ఐవీఐజీ ఎక్కించుకున్నారా? అది వేలమంది దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మూట. అందులో పురుగు సోకిన దాతలవి ఉంటే అవి మీ రిపోర్టులో మీవే అన్నట్టు కనిపిస్తాయి. ఆ అరువు యాంటీబాడీలు సగానికి తగ్గడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది, పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. ఐవీఐజీకి ముందు తీసిన రక్తం ఉంటే దాన్నే నమ్మాలి.

తర్వాత, వేరే పురుగుల వల్ల వచ్చే పాజిటివ్‌లు. ఫైలేరియా, కొంకి పురుగు, ఏలిక పాము, వీటి యాంటీబాడీలు కూడా ఈ పరీక్షకి అతుక్కోగలవు. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్ర తీరంలో బోదకాలు మన కళ్లముందు చూసిన జబ్బే కాబట్టి అక్కడివాళ్లకి ఈ అనుమానం న్యాయమైనది, డాక్టర్ ఫైలేరియా యాంటిజెన్ పరీక్ష కూడా రాయొచ్చు. లూపస్‌లో, షోగ్రెన్‌లో (కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు) ఐజీజీలు మొత్తంగా పొంగి ఉంటాయి, ఆ పొంగులో కటాఫ్‌కి కాస్త పైన ఒక అంకె రావడం వింతేమీ కాదు. కటాఫ్‌కి ఎన్నో రెట్లు పైన వచ్చింది, ఇసినోఫిల్స్ కూడా ఎక్కువ, చిన్నప్పుడు పొలంలో పని, ఇవన్నీ కలిస్తే అది మాత్రం నిజం పాజిటివే అనుకుని ముందుకు వెళ్లాలి.

అంచు మీద పాజిటివ్ వస్తే ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను, మా అమ్మ డాక్టర్ కూడా ఇదే అన్నారు: పెద్ద డోసు స్టెరాయిడ్ వేసుకోబోయే మనిషికి, తప్పుడు పాజిటివ్‌ని నమ్మి రెండు డోసుల మాత్ర వేసుకోవడం వల్ల జరిగే నష్టం చాలా చిన్నది, నిజం పాజిటివ్‌ని కొట్టిపారేస్తే జరిగే నష్టం ప్రాణమంత. నిర్ణయం డాక్టర్‌దే, కానీ ఆ చర్చ మీ ముందే జరగాలి.

ఐజీఎం అన్న మాట కనిపిస్తే

ఇది కొంచెం పక్క విషయమే, కానీ దీనివల్ల ఏడ్చిన ఆడపిల్లల్ని చూశాను కాబట్టి చెప్పాలి. ఐజీఎం అంటే ఇన్ఫెక్షన్ కొత్తగా సోకినప్పుడు మొదట వచ్చే రకం యాంటీబాడీ. కీళ్లవాతానికి చూసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఎక్కువమందిలో ఈ ఐజీఎం రకం యాంటీబాడీయే, అది వెళ్లి మన ఐజీజీలకే అతుక్కుంటుంది. కొన్ని రకాల ఐజీఎం పరీక్షల్లో ఇది మధ్యలో దూరి, లేని ఇన్ఫెక్షన్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. లూపస్‌లో వీడీఆర్ఎల్ అనే సిఫిలిస్ (సుఖవ్యాధి) పరీక్ష తప్పుగా పాజిటివ్ వచ్చి కుటుంబాల్లో గొడవలైన సంగతి పాత రోగులకి తెలుసు, పద్ధతి వేరైనా నీతి అదే.

లూపస్ ఉన్న అమ్మాయికి గర్భం పోతే మన దగ్గర వెంటనే టార్చ్ పరీక్ష (గర్భానికి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్ల యాంటీబాడీలు చూసేది) రాస్తారు. అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మీద ఐజీఎం పాజిటివ్ అని వస్తుంది, పిల్లి ఇంట్లో ఉందా, మాంసం తిన్నావా అని అత్తవారింట్లో విచారణ మొదలవుతుంది. ఆగండి. ముందు రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉందో లేదో ల్యాబ్‌కి చెప్పి, దాన్ని తొలగించే పద్ధతిలో పరీక్ష చేశారా అని అడగండి. తర్వాత ఐజీజీ, దాని అవిడిటీ (అది ఎంత గట్టిగా అతుక్కుంటుందో) చూడమనండి. గర్భం మొదటి మూడు నెలల్లో అవిడిటీ ఎక్కువ వస్తే ఆ ఇన్ఫెక్షన్ గర్భానికి ముందెప్పుడో సోకింది. నిజమైన ఐజీఎం కూడా ఏడాదికి పైగా రక్తంలో ఉండిపోవచ్చు. ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అయితే ఎప్పుడో పాతరోజుల్లో సోకిందని అర్థం, ఆ పాజిటివ్ జీవితాంతం అలాగే ఉంటుంది, బలమైన మందులు మొదలుపెట్టే డాక్టర్‌కి ఆ విషయం తెలిస్తే చాలు. పదేపదే గర్భం పోతుంటే లూపస్‌లో మొదట వెతకాల్సింది రక్తం గడ్డలు కట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలని, టాక్సోప్లాస్మాని కాదు.

తిరగేసి కూడా జరుగుతుంది. మలేరియా, కాలా అజార్ (ఇసుక ఈగ కాటుతో సోకే జ్వరం) లాంటి పరాన్నజీవి జబ్బులు రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ని, ఏఎన్ఏని (లూపస్ అనుమానిస్తే చేసే పరీక్ష) పాజిటివ్ చేయగలవు. జ్వరం, పెద్దదైన ప్లీహం, రక్తకణాలు పడిపోవడం కనిపించి, బీహార్, జార్ఖండ్ వైపు పని చేసి వచ్చిన మనిషైతే, లూపస్ అని ముద్ర వేసేముందు కాలా అజార్ చూడమని అడగడంలో తప్పు లేదు.

పాజిటివ్ తేలాక

మందు ఐవర్‌మెక్టిన్. కిలో బరువుకి 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. ఎన్నిసార్లు అన్నది డాక్టర్ చెప్పాలి. రోగనిరోధకశక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకి రెండు వారాల తర్వాత మళ్లీ ఇవ్వడం మామూలు. స్కూళ్లలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకి ఇచ్చే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర ఏలిక పాములకి బాగా పనిచేస్తుంది, ఈ పురుగుకి సరిపోదు. "నేను ఏటా నులిపురుగుల మాత్ర వేసుకుంటాను" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. పశువుల ఇంజెక్షన్ అసలే వద్దు. యాంటీఫాస్ఫోలిపిడ్ వల్ల రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లకి ఐవర్‌మెక్టిన్‌తో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలత) పెరిగిన సందర్భాలు ఉన్నాయి, అందుకని మందు వేసుకున్న వారంలో ఐఎన్ఆర్ చూపించుకోవాలి. గర్భిణులైతే ముందే చెప్పాలి. కాంగో, కామెరూన్ లాంటి మధ్య ఆఫ్రికా దేశాల్లో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు ఆ మాట తప్పక చెప్పండి, అక్కడి లోవా లోవా అనే పురుగు రక్తంలో ఎక్కువగా ఉంటే ఐవర్‌మెక్టిన్ మెదడుకి ప్రమాదం తెస్తుంది.

ఈలోపు ఏవి కనిపిస్తే పరుగెత్తాలి

స్టెరాయిడ్ మీద ఉండగా కొత్తగా దగ్గు, పిల్లికూతలు, వాంతులు, కడుపు ఉబ్బి మెలిపెట్టే నొప్పి, విరేచనాల్లో రక్తం, బొడ్డు చుట్టూ వేలిముద్రల్లాంటి ఊదారంగు మచ్చలు, జ్వరంతో తలనొప్పి, మెడ పట్టేయడం. వీటిలో చాలావాటిని "జబ్బు మళ్లీ తిరగబెట్టింది" అనుకుని స్టెరాయిడ్ ఇంకా పెంచే ప్రమాదం ఉంది, అదే అన్నిటికన్నా చెడ్డది. ఆయాసానికి స్టెరాయిడ్ పెంచిన కొద్దీ ఆయాసం ఎక్కువవుతుంటే అది పెద్ద సూచన. అత్యవసర విభాగంలో మీరు చెప్పాల్సిన వాక్యం ఒక్కటే: "స్టెరాయిడ్ వాడుతున్నాం, పల్లెలో మట్టిలో పని చేసిన మనిషి, స్ట్రాంగిలాయిడిస్ చూశారా?" అక్కడికక్కడే కఫం, మలం మైక్రోస్కోప్ కింద చూస్తే తెలిసిపోతుంది, ఆ స్థితిలో పురుగులు కుప్పలుగా ఉంటాయి. యాంటీబాడీ రిపోర్ట్ కోసం అప్పుడు ఎదురుచూడకూడదు. స్టెరాయిడ్‌ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం.

మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది

మందు వేసుకున్న ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఇంకోసారి, అదే ల్యాబ్‌లో, అదే కిట్‌తో ఐజీజీ చేయించండి. ల్యాబ్ మారితే అంకెలు పోల్చడం కుదరదు. పాజిటివ్ అన్న మాట పోకపోయినా కంగారు పడకండి, చూడాల్సింది అంకె ఎంత దిగిందన్నది. మందుకి ముందున్న అంకెలో 0.6 వంతు కన్నా కిందికి వస్తే పురుగు పోయిందనడానికి మంచి గుర్తుగా తీసుకుంటారు. అయితే ఈ మధ్యలో రిటుక్సిమాబ్ పడితే అంకె దాని వల్ల కూడా దిగుతుంది, కాబట్టి అలాంటివాళ్లు మల కల్చర్ కూడా చేయించుకోవాలి. మా అమ్మ విషయంలో ఐజీజీ ఎలాగూ మొదటినుంచీ నెగెటివే, అందుకని ఆమెకి మల పరీక్ష, ఇసినోఫిల్స్ మాత్రమే ఆధారం. మూడు శాంపిల్స్ శుభ్రంగా వచ్చాకే తర్వాతి రిటుక్సిమాబ్‌కి డాక్టర్ ఒప్పుకున్నారు.

మళ్లీ అదే మట్టిలోకి ఉత్త కాళ్లతో దిగితే మళ్లీ సోకుతుంది. మా అమ్మ ఇప్పుడు పెరట్లోకి వెళ్లినా చెప్పులేసుకునే వెళ్తుంది.

అదే ఇంట్లో, అదే పొలంలో పని చేసినవాళ్లని మర్చిపోకండి. మా నాన్నకి కీళ్లవాతం లేదు, లూపస్ లేదు, కానీ చలికాలం ఆయాసం వస్తే ఊళ్లో ఆర్ఎంపీ గారి దగ్గర ఒక సూది వేయించుకుని వస్తారు. ఆ సూది ఏమిటని ఒకసారి సీసా అడిగి చూశాను, డెక్సామెథసోన్. ఆ వారమే ఆయనకీ రక్తం తీయించాం, ఏ మందూ లేని రోజు చూసుకుని. కటాఫ్‌కి నాలుగు రెట్లు పైన పాజిటివ్ వచ్చింది. ఆయన మాత్రలు వేసుకున్నారు, ఆరు నెలల పరీక్ష తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టాను, అది వచ్చే నెల.